ఓవెన్ కొనేముందు సాకెట్టు చూడండి

గ్యాస్ ఓవెనా, కరెంటు ఓవెనా అని తర్జనభర్జన పడేవాళ్లు మన వైపు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "కరెంటు పోతుంది కదా, గ్యాసే నయం." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాటని కొట్టిపారేయలేం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు స్తంభాలు నేలకొరిగి రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాం. కానీ తుఫాను వారంలో కేకు ఎవరూ చేసుకోరు. మామూలు రోజుల్లో ఓవెన్‌ని సతాయించేది కరెంటు పోవడం కాదు, ఉండీ బలం లేకపోవడం.

ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు ఓవెన్) పెట్టె మీద 2000 వాట్లు అని రాస్తే అది 230 వోల్టుల దగ్గర లెక్క. వోల్టేజీ కాస్త తగ్గితే వేడి కాస్తే తగ్గుతుందనుకోవద్దు, వోల్టేజీ వర్గం (స్క్వేర్) లెక్కన పడిపోతుంది. 200 వోల్టులొస్తే 1500 వాట్లు, 180 వస్తే 1225. పన్నెండు నిమిషాల్లో 180 డిగ్రీలకు చేరాల్సింది ఇరవై దాటినా చేరదు. మధ్యలో తలుపు తీశారంటే పోయిన వేడి తిరిగి రావడానికి ఎంతసేపో పడుతుంది, ఈలోగా కేకు నడుమ కుంగుతుంది. తప్పు బేకింగ్ పౌడర్ మీదకి నెట్టేస్తాం.

అందుకే కొనేముందు ఒక పని చేయండి. వేసవిలో సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య, ఊరంతా ఏసీలు వేసుకునే వేళ, ఓవెన్ పెట్టాలనుకున్న బోర్డు దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ చూడండి. తర్వాత అదే బోర్డులో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె వేసి మళ్లీ చూడండి. ఇస్త్రీ పెట్టె వేయగానే అయిదారు వోల్టులకు మించి పడితే ఇంటి వైరింగులోనో, సర్వీసు వైరు జాయింట్లలోనో లోపం ఉంది. అది సరిచేయించాకే ఓవెన్ మాట. ఇస్త్రీ పెట్టె వేయకముందే 190 లోపు చూపిస్తే మాత్రం గ్యాస్ వైపు వెళ్లడమే మేలు. ఫ్రిజ్ స్టెబిలైజర్‌తో ఓటీజీ నడపాలని చూడొద్దు, దీనికి 3 కేవీఏది కావాలి. ఇన్వర్టర్ సంగతి అసలు ఎత్తొద్దు.

సాకెట్టు విషయానికొస్తే, 2000 వాట్లంటే దాదాపు 8.7 యాంపియర్లు. చిన్న పిన్నుల సాకెట్టు తట్టుకునేది 6. లావు పిన్నుల 16 యాంప్స్ సాకెట్టుకి మెయిన్ నుంచి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎర్తింగు, ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు) ఉండాలి. వంటగది దూరమైతే 4 స్క్వేర్ ఎంఎం వేయించండి. లావు ప్లగ్గుని చిన్న సాకెట్టుకి కలిపే కన్వర్టర్లు దుకాణాల్లో దొరుకుతాయి, ఓవెన్‌కి అవి పనికిరావు. అరగంట నడిపాక ప్లగ్గు పీకి పిన్నులు చూడండి. పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందంటే లోపల పట్టు వదులైందని గుర్తు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నుల ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. సన్న ఎమరీ కాగితంతో రుద్దితే పోతుంది.

వానాకాలంలో మరో చిక్కు. రెండు నెలలు వాడకుండా మూల పెట్టిన ఓటీజీని ఆన్ చేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకి కారితే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోతుంది. లోహపు హీటర్ రాడ్డులో తీగకీ, గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. అది చెమ్మ పీల్చుకుంటే కరెంటు కొద్దిగా ఎర్తుకి కారుతుంది. ప్లగ్గు పీకి ఒకటి రెండు రోజులు మంచి ఎండలో ఉంచితే చాలాసార్లు సరిపోతుంది. అయినా పడిపోతుంటే ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టించాలి తప్ప, ఆర్‌సీసీబీని తప్పించి నడపమని అడగకూడదు. పదిహేను రోజులకోసారి ఊరికే పది నిమిషాలు వేడి చేస్తే ఈ గొడవ ఉండదు.

ఇక గ్యాస్. కిలో ఎల్పీజీ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అరగంటకి వంద గ్రాములు మండితే చిన్న గ్లాసుడు నీళ్లన్నమాట. కొంత పొగగొట్టం గుండా పోయినా లోపలి గాలి తడిగానే ఉంటుంది. బ్రెడ్డుకి ఇది మంచిదే, పైపొర తొందరగా గట్టిపడదు. చోడి (రాగి) పిండి బిస్కెట్లకు, కొబ్బరి బిస్కెట్లకు మాత్రం ఆ కరకర రాదు. పైగా మంట కిందే ఉంటుంది కాబట్టి అడుగు మాడి పైన తెల్లగా మిగులుతుంది. పలాస జీడిపప్పు వేయించాలంటే ఓటీజీలో 150 డిగ్రీల దగ్గర పది, పన్నెండు నిమిషాలు, ఆరో నిమిషంలో ఒకసారి కలిపితే చాలు. రంగు ఇంకా లేతగా ఉండగానే తీసేయండి, బయటికొచ్చాక కూడా ముదురుతుంది. అదే పప్పుని గ్యాస్‌లో పెడితే ట్రే కింద ఇంకో ట్రే వేయక తప్పదు. 140 కన్నా తగ్గించడం చాలా గ్యాస్ ఓవెన్లకు చేతకాదు.

గ్యాసే కొంటే, మంట ఆరగానే గ్యాసు ఆపేసే ఏర్పాటు ఉన్న కుకింగ్ రేంజే తీసుకోండి. వెలిగించేటప్పుడు తలుపు తెరిచే ఉంచాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, లోపలే అడుగున పేరుకుంటుంది. నాబ్ పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి. వదలగానే ఆరిపోతుంటే థర్మోకపుల్ (మంట ఉందో లేదో పసిగట్టే కడ్డీ) కొనకి మసి పట్టిందో, వదులైందో చూడాలి. మంట పసుపుగా ఉంటే గాలి అందడం లేదన్నట్టు, కిటికీ తెరిచి మెకానిక్‌ని పిలవండి. నారింజరంగు సురక్షా ట్యూబు మీటరున్నర మించకూడదు, అయిదేళ్లకోసారి మార్చాలి. వేడి చాలడం లేదని హోటళ్ల హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించేవాళ్లున్నారు. అంతకన్నా తెలివితక్కువ పని లేదు.

ఖర్చులో పెద్ద తేడా లేదు. రెండు వేల వాట్ల ఓటీజీ థర్మోస్టాట్ వల్ల ఆగుతూ వెలుగుతూ గంటకి ఒకటీ ఒకటింబావు యూనిట్లు తింటుంది. గ్యాస్ బర్నర్ పూర్తి మంట మీద గంటకి రెండువందల గ్రాములు. 14.2 కిలోల సిలిండర్ 900 అనుకుంటే అది పన్నెండు, పదమూడు రూపాయలు. కరెంటు బిల్లులో మీ ఆఖరి శ్లాబు రేటు చూసి పోల్చుకోండి, ఓవెన్ తినే యూనిట్లు పడేది ఆ శ్లాబులోనే.

వోల్టేజీ, వైరింగు బాగుంటే నలుగురున్న ఇంటికి 28 నుంచి 35 లీటర్ల ఓటీజీ చాలు, పైనా కిందా రాడ్లు, ఫ్యానూ ఉన్నది. తెచ్చాక 175 దగ్గర పెట్టి చెంచాడు పంచదార పావుగంట ఉంచండి, కరగకూడదు. 190కి పెంచి ఇంకో పావుగంట ఉంచితే కరగాలి. తేడా వస్తే డయల్ ఎటు తప్పుతోందో తెలిసిపోతుంది.

కేకు లోపలుండగా కరెంటు పోతే తలుపు ముట్టుకోవద్దు. మూడొంతుల్లో రెండొంతుల సమయం అయిపోయి ఉంటే ఆ వేడికే చాలావరకు గట్టిపడుతుంది. తిప్పి పెట్టే టైమరు స్ప్రింగుతో నడిచేది, కరెంటు లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పోయిన నిమిషం గుర్తుపెట్టుకుని, రాగానే అంతసేపూ టైమరులో తిరిగి కలపాలి. మళ్లీ వేడెక్కడానికి పైన ఇంకో అయిదు నిమిషాలు కలపండి.