బారసాలకు ముందే ఫారం నింపి చూడండి

పాపో బాబో పుట్టగానే పేరు వేట చాలా ఇళ్ళల్లో ఒకే తీరున సాగుతుంది. పంతులుగారు నక్షత్ర పాదం చూసి అక్షరం చెప్తారు. ఆ అక్షరంతో ఫోనులో వెతికి, చుట్టాల్లో ఎవరికీ లేని పేరు ఏరుకుంటారు. న్యూమరాలజీ ఆయన దానికి ఇంకో 'హెచ్' తగిలిస్తాడు. నన్నడిగితే ఈ వరసే తలకిందులు. పేరు ముందు నోట పలకాలి, తర్వాత తెలుగులో తప్పు లేకుండా రాయగలగాలి, ఆపైన ఫారంలో ఇమడాలి. అక్షరం సంగతి చివర్న చూసుకోవచ్చు.

అక్షరం పట్టింపు ఉన్నవాళ్ళకూ దారి ఉంది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108. అశ్వినికి చు, చే, చో, లా. మఖకు మా, మీ, మూ, మే. వీటితో పేచీ లేదు. ఆరుద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ వస్తాయి. వాటితో ఏం పేరు పెడతారు? అప్పుడు పంతుళ్ళే అదే నక్షత్రంలో ఇంకో పాదం అక్షరం తీసుకోమంటారు. పైగా చంద్రుడు ఒక పాదం దాటడానికి పట్టేది సుమారు ఆరు గంటలే. కాన్పు పాదం మారే వేళకు జరిగి, ఆసుపత్రి గడియారం పది నిమిషాలు అటూ ఇటూ అయితే అక్షరమే మారిపోతుంది. జన్మనామం, వ్యవహారనామం వేరువేరుగా పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. పళ్ళెంలో బియ్యం మీద జన్మనామం రాయండి, సర్టిఫికెట్లో మీకు నచ్చినది రాయించండి.

నోటి పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. వంటింట్లోంచి వీధిలోకి కేకేసి చూడండి. తెలుగులో పిలుపంటే చివరి అచ్చు సాగాలి: సుజాతా, రఘూ, లక్ష్మీ. ఇప్పుడు ఎక్కువగా పెడుతున్న విహాన్, ఆరుష్ లాంటివి హల్లుతో ఆగిపోతాయి. అమ్మమ్మ నోట్లో అవి విహానూ, ఆరుషూ అయి కూర్చుంటాయి. అందులో తప్పేం లేదు, కాకపోతే ఆ రూపం మీకు ఇష్టమేనా అన్నది ముందే తేల్చుకోండి. తర్వాత 'గాడు', 'ది' చేర్చి చూడండి. బడిలో మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఆ పని చేస్తారు.

పొడవాటి పేరు ఎలాగూ విరుగుతుంది. సుబ్రహ్మణ్యం సుబ్బు అయ్యాడు, రామకృష్ణ రాంకీ అయ్యాడు. ఎక్కడ విరుగుతుందో మీరే ఊహించి, ఆ ముక్క బాగుంటేనే పెట్టండి. తాతగారి పేరు పెట్టిన ఇళ్ళల్లో ఇంకో చిక్కు ఉండేది. మామగారి పేరు కోడలు నోట పలకకూడదు కాబట్టి, పిల్లాణ్ణి తిట్టాలన్నా పిలవాలన్నా వేరే పేరు కావాల్సి వచ్చేది. ఎన్నో ఇళ్ళల్లో బుజ్జి, చిన్నా, నాని అలా పుట్టినవే. బిడ్డలు దక్కని ఇళ్ళల్లో దిష్టి తగలకూడదని పుల్లయ్య, పెంటయ్య అని పెట్టిన రోజులూ ఉన్నాయి. వాటితో పోలిస్తే పండు, లడ్డు నయమే. అయితే ముద్దుపేరు అంత తేలిగ్గా వదలదు. నలభై ఏళ్ళ బ్యాంకు మేనేజరు పెళ్ళిళ్ళలో ఇంకా బుజ్జిగాడే. అందుకే దాన్ని కూడా కాస్త ఆలోచించి పెట్టండి, వాకిట్లో అందరి ముందూ పిలిపించుకోగలిగేదై ఉండాలి.

రాత దగ్గరికొస్తే, ముందు తెలుగులో ఖాయం చేయండి. ఇంగ్లీషులో చూసి తెలుగులోకి తిప్పితే 'ఆద్య' కాస్తా 'ఆధ్య' అవుతుంది. మొదటిదానికి అర్థం ఉంది, రెండోది ఏ నిఘంటువు తిరగేసినా దొరకడం కష్టం. మనం 'త'కు 'టీహెచ్' రాస్తాం, ఉత్తరాదివాళ్ళు ఉత్త 'టీ' రాస్తారు. మన లత వాళ్ళ నోట్లో 'లథ' అయ్యేది ఇందుకే. ఏదో ఒక స్పెల్లింగ్ ఎంచుకుని, కాగితం మీద రాసి, బీరువాలో పెట్టి, ప్రతి ఫారంలోనూ అదే దింపండి. జనన ధ్రువపత్రంలో ఒక 'ఏ', ఆధార్లో రెండు 'ఏ'లు, టెన్త్ మెమోలో చివర 'హెచ్' ఉంటే పాస్‌పోర్టు రోజున అఫిడవిట్ల చుట్టూ తిరగాలి.

మాటల వరస కూడా చూసుకోవాలి. వెంకట సాయి ప్రణీత్ అని పెడితే అమెరికాలో చాలా ఫారాలు మొదటి మాటే పట్టుకుంటాయి, ఆఫీసులో అతను వెంకటగా మిగిలిపోతాడు. దేవుడి పేరు కావాలనుకుంటే పిలిచే పేరు తర్వాత చేర్చండి. ఇంటిపేరును 'కె.' అని పొట్టి చేయకండి, పాస్‌పోర్టుకు అది విప్పి రాయాల్సిందే. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళి సొంత పేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో సొంత పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదని) పడుతుంది. ఆ మూడక్షరాలతో బ్యాంకు ఖాతా తెరవడం ఎంత తలనొప్పో అక్కడ ఉన్నవాళ్ళని అడగండి.

తొందరపడక్కర్లేదు కూడా. జననం నమోదుకు గడువు 21 రోజులు, అప్పటికి పేరు తేలకపోతే ఆ గడి ఖాళీగానే వదిలేయవచ్చు. నమోదైన 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడానికీ, పాస్‌పోర్టుకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి ఆసుపత్రిలో ఎవరో అడిగారని అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేయకండి. పేరు చేర్పించాక కౌంటరు దగ్గరే నిలబడి, తల్లిదండ్రుల పేర్లతో సహా ప్రతి అక్షరం సరిచూసుకోండి.