చేపముల్లు ఎటు పోతోంది?

ఆదివారం పొద్దున్నే మా వీధి మలుపులో ఉన్న పంక్చర్ షాపుకి వెళ్లి, పనికిరాని సైకిల్ ట్యూబులు రెండు కావాలన్నాను.

"ఏం జేస్తరు మేడమ్?"

"గిటార్‌కి కట్టాలన్నా."

"గిటార్‌కి గాలి గొడతరా?"

నవ్వొచ్చింది గానీ వివరించే ఓపిక లేక, నలభై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. రెండు వేళ్ల వెడల్పున పొడుగు పట్టీలుగా కత్తిరించి, సబ్బుతో కడిగి బాల్కనీలో ఆరేశాను. "తీగ మీద ఆ పాములేటే?" అంది అమ్మ.

ఇది నేను చేస్తున్న రెండో గిటార్. మొదటిదానికి అంచు పని జోలికే పోలేదు. పెట్టె మూసి, మూలలు గుండ్రంగా రుద్ది వదిలేశాను. ఏడాది తిరక్కుండానే సోఫాకి తగిలిన చోట స్ప్రూస్ పైచెక్క నొక్కుకుపోయింది. స్ప్రూస్ అంత మెత్తన, గోరు గుచ్చినా గుర్తు పడుతుంది. అందుకే మూల చుట్టూ గట్టి చెక్క పట్టీ వేస్తారు, దాన్ని బైండింగ్ అంటారు. చీరకి అంచు అనుకోండి. ఆ అంచుని ఆనుకుని, లోపలివైపు పైచెక్కలోకి దిగే సన్నటి గీతే పర్ఫ్లింగ్. వయొలిన్‌లో దానికి ఒక ఉద్యోగం ఉంది. అంచు దగ్గర మొదలైన పగులు లోపలికి పాకకుండా ఆపుతుంది. గిటార్‌లో చాలావరకు సింగారమే.

చిన్నప్పుడు సెలవల్లో మావయ్య గారింటికి వెళ్తే బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లని చూసేదాన్ని. ఏకాండీ వీణ అంటే కుండా దండీ అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలవడం. అతుకు లేకపోవడమే దాని గొప్ప. గిటార్ సంగతి వేరు. రెండున్నర మిల్లీమీటర్ల చెక్కల్ని వంచి, అతికించి కట్టిన పెట్టె అది. ఒళ్లంతా అతుకులే. పైగా ఆ అతుకు ఎక్కడుందో నలుపు తెలుపుల్లో గీత గీసి మరీ చూపిస్తాం.

నేను ఎంచుకున్న గీత హెర్రింగ్‌బోన్, మన మాటలో చేపముల్లు. అమెరికా గిటార్ల కంపెనీ మార్టిన్ ఒకప్పుడు తన డీ-28 మోడల్ మీద వేసింది ఇదే. జర్మనీ నుంచి తెప్పించుకున్న సరుకు అయిపోయి 1947లో ఆపేశారు, మళ్లీ 1976లో హెచ్‌డీ-28 అనే మోడల్‌తో తెచ్చారు. ఆఫీసులో ఒకబ్బాయి దానికి బదులు రంగురంగులుగా మెరిసే అబలోన్ చిప్ప పెట్టమన్నాడు. చిన్న ముక్క అయితే సరే, గిటార్ చుట్టూ పెడితే నాకు రిసెప్షన్ స్టేజీ లైటింగ్ గుర్తొస్తుంది. ఎవరూ ఏమీ అనుకోకండి.

ముందు గాడి కొట్టాలి. రెండు మెట్లు. అంచు పట్టీకి 2 మిల్లీమీటర్ల వెడల్పు, 6 లోతు. దాని మీద పర్ఫ్లింగ్‌కి ఇంకో 3 లోపలికి, లోతు 1.8. పైచెక్క మందమే 2.8, అంటే ఆ గీత కింద మిగిలేది ఒక్క మిల్లీమీటరు. కొట్టేది చిన్న రౌటర్‌తో (వైఫై డబ్బా కాదు, చెక్క పనిది). పైచెక్క చూడ్డానికి బల్లపరుపుగానే ఉంటుంది గానీ నిజానికి 28 అడుగుల వ్యాసార్ధం ఉన్న గోళంలోంచి కోసిన ముక్కలా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. రౌటర్‌ని నేరుగా దాని మీద పెడితే వాలుతుంది, గాడీ వాలుతుంది. అందుకని రాణీగంజ్‌లో డ్రాయర్ స్లైడ్‌లు కొని, రౌటర్ నిటారుగా పైకీ కిందికీ మాత్రమే కదిలేలా స్టాండు చేసుకున్నాను. రెండు వారాంతాలు దానికే పోయాయి.

నారకి ఎదురు వెళ్లకుండా, పెట్టె బాగా వెడల్పైన చోట మొదలుపెట్టి నడుము వైపు రావాలి. మెడ దగ్గర తొందరపడ్డాను. అగ్గిపుల్లంత పేడు లేచిపోయింది. టేబుల్ కింద టార్చ్ వేసి, దాన్ని వెతికి పట్టుకుని, సూపర్‌గ్లూతో అక్కడే అతికించాను. ఇప్పుడు నేను చూపిస్తే తప్ప కనబడదు, నేను చూపించను.

అసలు కష్టం నడుము దగ్గర. చేపముల్లు పట్టీ అంటే నలుపూ తెలుపూ చిట్టి చెక్క ముక్కలు వరసగా అతికించినదే. తడిపితే విడిపోతుంది, పొడిగా వంచితే విరుగుతుంది. వేడి పైపు మీద ఆనించీ ఆనించనట్టు లాగుతూ వంచాలి. గ్లూ రాసి గాడిలో కూర్చోబెట్టి, జానెడు దూరం కూడా వదలకుండా టేప్ వేస్తూ వెళ్లాను. నడుము లోపలికి వంగి ఉంటుంది కదా, ఎంత టేప్ వేసినా పట్టీ బయటికే తన్నుకొస్తుంది. పెట్టె చుట్టూ ట్యూబు బిగించినా, అది ఈ బొజ్జ నుంచి ఆ బొజ్జకి సాగి, మధ్యలో నడుముని ముట్టుకోదు. ఆ సందులో నడుము వంపుకి సరిపడా గీసిన చెక్క దిమ్మ పెట్టి, దాని మీదుగా ట్యూబు లాగి చుట్టాలి. అప్పుడు కటక్‌మని కూర్చుంది. గాడిలోంచి గ్లూ పూసలు పూసలుగా బయటికొస్తే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు టేపులు ఊడదీశాను. సందు ఎక్కడా లేదు. స్ప్రూస్‌కి ముందే రెండు పూతలు లక్క పాలిష్ వేసి పెట్టుకున్నా. లేకపోతే గీకేటప్పుడు నల్ల పొడి తెల్ల చెక్క నారలోకి దిగి మురికి పట్టేస్తుంది. స్క్రేపర్ (పల్చటి ఉక్కు రేకు) బొటనవేళ్లతో వంచి పట్టుకుని గీకుతుంటే పట్టీ మీది గ్లూ పొర లేచి, ముల్లు ఒక్కో అంగుళం బయటపడుతోంది. సాయంత్రం దాకా అదే పని.

అమ్మ టీ తెచ్చింది. "ఇంకా గీకుతూనే ఉన్నావేటే?" అంటూ వంగి చూసింది. చూసి, "ఇటు పక్కది పైకి ఎక్కుతోంది, అటు పక్కది కిందికి దిగుతోందేటి?" అంది.

చేపముల్లుకి దిక్కు ఉంటుంది. కింద మధ్యలో మొదలై, రెండు పక్కలా బాణాలు మెడ వైపే పోవాలి. కుడి పక్క పట్టీ నేను తిరగేసి అతికించాను. మూడు రోజులు దాన్ని కళ్ల ముందు పెట్టుకుని, వంచి, టేపులు వేసి, గీకి కూడా గమనించలేదు. అరవై ఏళ్లుగా ముగ్గులు వేస్తున్న మనిషికి ఒక్క చూపు చాలింది.

ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే గ్లూ వదులుతుంది, పట్టీ లేపొచ్చు. కానీ కింద మిగిలిన ఆ ఒక్క మిల్లీమీటరు స్ప్రూస్ కూడా లేచొస్తుందేమోనని భయం. నేను తల పట్టుకుని కూర్చుంటే అమ్మ గిటార్‌ని నిలబెట్టి, బాణాల వెంట వేలు పెట్టి చుట్టూ తిప్పింది. ఎడమ పక్క పైకి, మెడ మీదుగా, కుడి పక్క కిందికి. "ప్రదక్షిణంగానే తిరుగుతోంది కదా, ఉండనీ. కింద కలిసిన చోటే బాగా లేదు" అంది.

నిజమే. ఆ చోట రెండు ముళ్లూ అద్దంలో బొమ్మల్లా కలుస్తాయనే లెక్కతో కోశాను కాబట్టి, ఇప్పుడు అతుకు సగం ముల్లు తేడాతో తొక్కేసినట్టుంది.

"చుక్క పెట్టీయ్" అంది అమ్మ.

మెడ పక్కన పెట్టడానికి తెచ్చిన ముత్యపు చిప్ప చుక్కల్లో 3 మిల్లీమీటర్లవి రెండు మిగిలాయి. గీత వెడల్పూ అంతే. పనికిరాని ముక్క మీద డ్రిల్ పెట్టి చూశాను. మొదటి రంధ్రం కొంచెం వదులైంది. రేపు 2.9 బిట్టు దొరుకుతుందేమో రాణీగంజ్ వెళ్లాలి.