ఉప్పు తిన్న బండి

తూపిలిపాలెం తీరంలో నడపడానికి మా బావమరిది ఒక పాత జెట్ స్కీ, అంటే నీళ్ల మీద నడిపే స్కూటర్ లాంటి బండి, కొన్నాడు. తిరుపతిలో స్కూటర్లు బాగుచేసే నా షెడ్డుకు దాన్ని ట్రాలీ మీద తెచ్చి, "ఒకసారి చూడు బావా" అన్నాడు. రంగు పెళ్లికొడుకులా మెరుస్తోంది. సీటు ఎత్తితే బ్యాటరీ టెర్మినళ్ల నిండా పచ్చటి చిలుము!

సముద్రంలో తిరిగిన ప్రతిసారీ మంచినీటితో ఇంజన్ లోపల కడగాలి. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి, ఆ తర్వాతే గొట్టంలోంచి నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి, తర్వాత ఇంజన్ ఆపాలి. స్కూటర్ల అనుభవంతో నేను ముందే నీళ్లు వదిలాను. అవి ఎగ్జాస్ట్ దారిలో వెనక్కి వచ్చి సిలిండర్లలో చేరాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజన్ తిప్పి నీళ్లు చిమ్మించి, సిలిండర్లలో నూనె పోసి, మూడు గంటలు కుస్తీ పట్టాను. ఇన్నేళ్ల పనితనం ఆ గొట్టం ముందు దిగదుడుపే.

వెనక, నీళ్లు చిమ్మి బండిని ముందుకు నెట్టే జెట్ పంపులో ఇంపెల్లర్‌కు, అంటే రెక్కల చక్రానికి, చేపల వల దారం చుట్టుకుని ఉంది. బ్లేడుతో కోసి తీశాను. అడుగున నీళ్లు వదిలే బిరడాల్లో ఒకటి అసలు లేనే లేదు. అలాగే సముద్రంలోకి దించి ఉంటే?

బావమరిది మాత్రం అప్పటికే దాని మీద కూర్చుని ఫోటో పెట్టేశాడు.