డాష్‌బోర్డ్ పచ్చగానే ఉంది, మరి తెర?

లైవ్ స్ట్రీమింగ్ పనిలో ఉన్నవాళ్లకి బాగా తెలిసిన టెన్షన్ ఒకటుంది. డాష్‌బోర్డ్ మీద అన్నీ పచ్చగా వెలుగుతుంటాయి, వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం "అన్నా, బొమ్మ రావట్లేదు" అని వరసగా మెసేజ్‌లు. రెండూ నిజమే. సర్వర్‌ని ఫైల్ అడిగారు, ఇచ్చింది, 200 ఓకే (అంతా సరిగ్గా ఇచ్చాను అని చెప్పే కోడ్) అంది. ఆ ఫైల్లో ఉన్నది వట్టి నల్ల తెర అని దానికేం తెలుసు?

అందుకే ఆటోమేటెడ్ టెస్టింగ్ ఏదైనా చూసేవాళ్ల వైపు నుంచే మొదలవ్వాలంటాను. ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే స్ట్రీమింగ్ పద్ధతిలో వీడియోని ముక్కలుగా కోస్తారు (ఆపిల్ చెప్పే సైజు 6 సెకన్లు), కొత్త ముక్క తయారైనప్పుడల్లా ప్లేలిస్ట్‌లో దాని పేరు చేరుతుంది. కాబట్టి అన్నిటికన్నా చవకైన పరీక్ష, ప్లేలిస్ట్‌ని పదే పదే తెచ్చుకుని ముక్కల సీక్వెన్స్ నంబర్ పెరుగుతోందో లేదో చూడటం. సీడీఎన్ (చూసేవాళ్లకి దగ్గర్లో కాపీలు పెట్టుకుని పంచే సర్వర్లు) పాత ప్లేలిస్ట్‌నే పట్టుకుని కూర్చున్నా 200 ఓకేనే వస్తుంది మరి, ఫోన్లో చూసేవాడికి మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ముక్కని విప్పి లోపల బొమ్మ చూడాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో నల్ల తెరని పట్టే బ్లాక్‌డిటెక్ట్, నిశ్శబ్దాన్ని పట్టే సైలెన్స్‌డిటెక్ట్, ఆగిపోయిన బొమ్మని పట్టే ఫ్రీజ్‌డిటెక్ట్ అని ఫిల్టర్లు ఉచితంగానే దొరుకుతాయి. మొదటి రెండూ పెద్దగా ఏడిపించవు. గొడవంతా మూడోదానితోనే.

గుడి నుంచి వచ్చే లైవ్ తీసుకోండి. కల్యాణం రోజు ఇబ్బంది లేదు, జనం, తలంబ్రాలు, కెమెరా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. మామూలు రోజు అలా కాదు, కెమెరా గంటలకొద్దీ మూలవిరాట్టు మీదే ఉంటుంది, కదిలేదల్లా పక్కనున్న దీపం ఒక్కటే. ఫ్రీజ్‌డిటెక్ట్ రెండు ఫ్రేముల మధ్య తేడాని తెర మొత్తానికీ సగటు చేసి చూస్తుంది, డిఫాల్ట్‌గా ఆ సగటు 0.001 దాటకుండా 2 సెకన్లు గడిస్తే బొమ్మ ఆగిపోయినట్టే లెక్క. తెరలో ఓ మూల రెపరెపలాడే దీపం ఆ సగటులో ఎక్కడ కనిపిస్తుంది? అలారం మోగుతుంది. పోనీ హద్దు తగ్గిద్దామా అంటే, నిజంగా ఆగిపోయిన బొమ్మ కూడా కీఫ్రేమ్ (బొమ్మ మొత్తాన్నీ కొత్తగా పంపే ఫ్రేము) వచ్చిన ప్రతిసారీ కంప్రెషన్ వల్ల సన్నగా వణుకుతుంది, ఫిల్టర్ దాన్నే కదలిక అనుకుని అసలు ఫ్రీజ్‌ని వదిలేస్తుంది.

మూలన నడిచే గడియారం వేస్తే తేలిపోతుంది గానీ దేవుడి పక్కన సెకన్ల ముల్లు ఎవరు ఒప్పుకుంటారు? నాకు నచ్చిన దారి, ఎన్‌కోడర్‌లోకి (వీడియోని కుదించి పంపే యంత్రంలోకి) వెళ్లే ఫీడ్‌నీ బయట ఫోన్‌కి చేరే ఫీడ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చడం. రెండు చోట్లా కదలకపోతే దేవుడు, బయట ఒక్కచోటే కదలకపోతే ఎన్‌కోడర్. (కెమెరానే ఆగిపోతే? దానికి మనిషి ఉండాల్సిందే.)

క్వాలిటీకి స్కోర్ కావాలంటే నెట్‌ఫ్లిక్స్ 2016లో అందరికీ ఇచ్చేసిన వీమాఫ్ అనే కొలత ఉంది, అసలు వీడియోతో పోల్చి మార్కులేస్తుంది, మంచిదే. కానీ దానికి అసలు వీడియో చేతిలో ఉండాలి, ఫ్రేముకి ఫ్రేము సరిగ్గా కలవాలి, క్రికెట్‌లాంటి వాటిలో ఒక్క ఫ్రేము జరిగినా స్కోర్ ఢమాల్. లైవ్‌లో మధ్యమధ్య శాంపిల్‌గా వాడుకోవాలంతే. లిప్ సింక్‌కైతే ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) హద్దులు పెట్టింది, మాట పెదవుల కన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు, ఆలస్యమైతే 125 దాకా పట్టించుకోడు. ఫ్లాష్, బీప్ ఒకేసారి వచ్చే క్లిప్ వేసి ప్రోగ్రామ్‌కి ముందే కొలిచేసుకోవాలి, మొదలయ్యాక ఆ అవకాశం ఉండదు.

2023 వరల్డ్ కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అంత లోడ్‌ని స్క్రిప్టులతో ఎంతో కొంత పుట్టించొచ్చు గానీ, చవక ఫోన్లో, సగం సిగ్నల్‌తో చూసేవాడి బాధ స్క్రిప్టుకి అందదు. ఇంకో డాష్‌బోర్డ్ కొనే డబ్బుంటే నేనైతే పాత ఆండ్రాయిడ్ ఫోన్లు నాలుగు కొని, వేరే వేరే సిమ్‌లు వేసి పెడతాను. కనీసం రెండు నెట్‌వర్కుల్లో ఒకే తప్పు కనబడితేనే డ్యూటీలో ఉన్నవాడికి ఫోన్ మోగాలి.

ఇన్ని చేసినా యాడ్‌ల దగ్గర మాత్రం దారి దొరకట్లేదు. యాడ్‌ని సర్వర్ దగ్గరే అతికిస్తున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో యాడ్ వెళ్తుంది, మా టెస్ట్ ఫోన్‌కి వచ్చిన యాడ్ బాగానే ఆడుతుంది, పక్క ఊళ్లో వాడికి వెళ్లింది మాత్రం ఆగిపోతుంది. అది తెలిసేది మళ్లీ ఆ వాట్సాప్ మెసేజ్‌తోనే.