చిటికెన వేలు, టోక్యోలో ఇల్లు (నా అనుభవం)

నా ఎడం చేతి చిటికెన వేలికి పై కణుపు లేదు. ఆరో క్లాసులో గడ్డి కోసే మిషన్లో పోయింది, ఊళ్ళో అందరికీ తెలిసిందే, టోక్యో వచ్చేదాకా దాని గురించి ఆలోచించిందే లేదు.

నిషికసాయిలో రూమ్ కోసం ఏజెంట్ దగ్గర ఫామ్ నింపుతూ పేపర్ కదలకుండా ఎడం చెయ్యి ఆనించా. ఆయన మాట మధ్యలో ఆగిపోయాడు. చూసీ చూడనట్టు చూసి మళ్ళీ పేపర్లోకి దిగిపోయాడు. బయటికొచ్చాక నాతో వచ్చిన గుంటూరు అన్న నవ్వి, "తమ్ముడూ, నీకు ముందే చెప్పాల్సింది, ఇక్కడ ఆ వేలు లేకపోతే యాకూజా, అంటే ఇక్కడి మాఫియా గ్యాంగోడు, అనుకుంటారు" అన్నాడు.

దాన్ని యుబిత్సుమే అంటారట. తప్పు చేసినోడు తన చిటికెన వేలి కణుపు తనే కోసుకుని, గుడ్డలో చుట్టి ఒయాబున్‌కి, అంటే వాళ్ళ పెద్దకి, ఇచ్చుకోవాలి. పాతకాలంలో అప్పు కట్టలేని జూదగాళ్ళ నుంచి వచ్చిందంటారు. కత్తి పిడి మీద పట్టు ఉండేది చిటికెన వేలితోనే, అది పోతే కత్తి సరిగ్గా ఆగదు, ఇక ఆ ఒయాబున్ నీడలోనే బతకాలి. మళ్ళీ తప్పు చేస్తే ఇంకో కణుపు. ఇప్పుడైతే ఎవర్నైనా వేలు కోసుకోమని బలవంతపెట్టడం చట్టప్రకారం నిషేధం, గ్యాంగ్ వదిలేసినోళ్ళు ఉద్యోగం కోసం సిలికాన్ వేలు పెట్టించుకుంటారంట. నాకు మాత్రం దూడకి గడ్డి వెయ్యబోతే పోయింది, ఏం చేస్తాం.

రెండోసారి వెళ్తే ఏజెంట్ అగ్రిమెంట్లో ఒక క్లాజు చూపించాడు, సంఘ వ్యతిరేక శక్తులతో నాకు సంబంధం లేదని సంతకం పెట్టాలి. 2011 కల్లా దేశమంతా యాకూజాని దూరం పెట్టే రూల్స్ వచ్చేశాయి, అందుకే ఇల్లు, బ్యాంకు, ఆఖరికి ఫోన్ కనెక్షన్‌కి కూడా ఈ క్లాజు ఉంటుంది, అందరికీ ఇచ్చేదే, కానీ నాకు చెమటలు పట్టాయి. ఇక లాభం లేదని ఫోన్లో గడ్డి మిషన్ వీడియో తీసి, చక్రం తిరగడం చూపించి, నా వేలు పక్కన పెట్టా. ఆయన తన వేలు గుప్పిట్లో దాచేసుకుని "ఇతాయ్, ఇతాయ్" అన్నాడు, అబ్బా నొప్పి అని. తర్వాత ఒకటే నవ్వు.

శాలరీ స్లిప్పులు, రెసిడెన్స్ కార్డు, అద్దెకి పూచీ ఉండే గ్యారంటీ కంపెనీ ఫోన్ కాల్, అన్నీ మామూలుగానే అయ్యాయి. ఒక నెల అద్దె రేకిన్ అని తీసుకున్నారు, అది వెనక్కి రాదు, నా బాధంతా దాని గురించే.

తాళాలు రెండు చేతులతో ఇచ్చాడు. ఇక్కడ తీసుకునేదీ రెండు చేతులతోనే, ఈసారి నేను ఏ వేలూ ముడుచుకోలేదు.