దింపు రోజు, పెర్ల్ పని

ఇవాళ మా తోటలో కొబ్బరి దింపు. పొద్దున్నుంచీ కాయలు దభీదభీమని పడుతూనే ఉన్నాయి, కాల్‌లో మ్యూట్ తీయాలంటే భయం. అమలాపురం దగ్గర ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసేవాళ్లకి ఇది మామూలే. నా బుర్రంతా మాత్రం పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే ఉంది.

మా పాత బిల్లింగ్ మాడ్యూల్ (బిల్లుల పని చూసే కోడ్ ఫైలు) రాసినాయన మహా పొదుపరి. పెర్ల్ 5 వచ్చిన 1994 ప్రాంతంలో ర్యామ్ మెగాబైట్ల లెక్క కదా, ఆ అలవాటే అయ్యుంటుంది. సగం సబ్‌రొటీన్లు, అంటే పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కలు, ‘కోడ్ ఇక్కడితో అయిపోయింది’ అని పెర్ల్‌కి చెప్పే ఎండ్ గుర్తు కింద రాసి, అవసరమైనప్పుడే వాటిని లోడ్ చేసే ఆటోలోడర్‌కి అప్పగించాడు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఆటోస్ప్లిట్ అనే మాడ్యూల్ ఒక్కోదాన్నీ ఒక్కో ఏఎల్ ఫైలుగా విడదీస్తుంది. ఎవరైనా పిలిచినప్పుడే ఆటోలోడర్ ఆ ఫైలు చదివి కంపైల్ చేస్తుంది, అంటే నడపడానికి సిద్ధం చేస్తుంది. రెండోసారి నుంచి అది మామూలు సబ్‌రొటీనే. క్షణంలో పని ముగించే స్క్రిప్టుకి ఇది భేషుగ్గా సరిపోతుంది.

రోజంతా నడిచే ఫోర్క్ సర్వర్లో, అంటే అసలు ప్రాసెస్ (పేరెంట్) తనలాంటి కాపీలను (చైల్డ్‌లను) పుట్టించి పని చేయించే చోట, ఇదే పొదుపు దుబారా. ఫోర్క్‌కి ముందు పేరెంట్‌లో లోడైన కోడ్ ఉన్న మెమరీని చైల్డ్ ప్రాసెస్‌లు చాలావరకు పంచుకుంటాయి. తర్వాత లోడైతే ఎవరి కాపీ వాళ్లదే. పైగా ప్రతి చైల్డ్‌లోనూ మొదట వచ్చిన కస్టమర్‌కే ఆలస్యం. నాకు మరీ చిరాకు తెప్పించేది ఏమిటంటే, నెలాఖరు రిపోర్టు కోడ్‌లో ఒక సెమికోలన్ పోయినా, ఎవరో ఆ రిపోర్టు అడిగేదాకా పెర్ల్ కిక్కురుమనదు.

అందుకే ఎండ్ గుర్తుని ఫైలు చివరికి జరిపేశాను. దానికి పైనున్నదంతా మాడ్యూల్ లోడైనప్పుడే కంపైల్ అవుతుంది. వినడానికి రెండు నిమిషాల పని. కానీ ఫైలు పైభాగంలోని ‘మై’ వేరియబుళ్లు (ఆ ఫైలు వరకే చెల్లేవి) ఏఎల్ ఫైళ్లకి కనిపించవు, ఇప్పుడేమో ఆ సబ్‌రొటీన్లకి కనిపిస్తాయి! అదే పేరుతో ప్యాకేజీ వేరియబుల్ (ఏ ఫైలు నుంచైనా అందేది) వాడిన చోట ఇకపై ‘మై’ది దొరుకుతుంది. పన్ను రేటు అలా మారిపోతే ఇంకేమన్నా ఉందా? ఒక్కో పేరూ వెతుక్కుంటూ కూర్చున్నాను. మధ్యలో నాన్న వచ్చి, “ఒరేయ్, ఒలుపు వాళ్లు రేపు గానీ రారట, కాయలు షెడ్డులో వేయించు” అన్నారు. వేయించి వచ్చేసరికి ఎక్కడున్నానో మర్చిపోయి, మళ్లీ పైనుంచి మొదలు.

కమాండ్ లైన్ స్క్రిప్టులకీ ఈ మాడ్యూలే కావాలి. అవి మొదలవడం కాస్త నెమ్మదిస్తుందేమో, ఫర్వాలేదు. మరీ ఇబ్బందైతే పెర్ల్ మాడ్యూళ్ల భండారం సీప్యాన్‌లో ‘లోడ్’ అనే మాడ్యూల్ ఉంది. ‘నౌ’ అంటే అన్నీ ముందే, ‘ఆన్‌డిమాండ్’ అంటే పిలిచినప్పుడే. రేపు టెస్ట్ సర్వర్లో చైల్డ్ ప్రాసెస్‌ల మెమరీ చూస్తాను. లైవ్‌లోకి మాత్రం నెలాఖరు బిల్లులు వెళ్లాకే.