లౌజుకి ఒక గరిటె, రుచికి ఇంకొకటి

ఈ మధ్య ఎవరింటికి వెళ్లినా పొయ్యి పక్కన స్టాండులో చెక్క గరిటెలు వరసగా కనబడుతున్నాయి, ఆన్‌లైన్లో సెట్టుగా కొన్నవి, తళతళా మెరుస్తూ, అన్నీ ఒకే రంగులో. వాడుతున్నారా అని అడిగితే చాలామంది నవ్వేస్తారు. వాడేది మళ్లీ ఆ పాత స్టీలు గరిటే. వాళ్లనేం అనలేం, ఆ సెట్టులో నిజంగా పనికొచ్చేది ఒక్కటుంటే గొప్ప. నాకు ఈ గరిటెల పిచ్చి కాస్త ఎక్కువేనని మా ఇంట్లో అందరూ ఏడిపిస్తారు, అయినా సరే, చెక్క గరిటె కొనేటప్పుడు ఏం చూడాలి, రుచి చూడ్డానికి ఏది వాడాలి అన్నది నాకు తెలిసినంత మటుకు రాసి పెడుతున్నాను.

ముందు చూడాల్సింది అంచు. కర్ర ఏమిటి, రేటెంత అన్నవి తర్వాత.

కొబ్బరి లౌజు చేసేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. కోనసీమ వాళ్లకి లౌజు ఎలా చెయ్యాలో చెప్పక్కర్లేదు గానీ, గరిటె వైపు నుంచి ఒకసారి చూడండి. కోరిన కొబ్బరీ బెల్లం కలిపి పొయ్యి మీద పెట్టాక మొదట్లో ఏ గరిటైనా ఒకటే, బెల్లం కరిగి అంతా పల్చగా అవుతుంది, ఊరికే అటూ ఇటూ తిప్పితే చాలు. కాసేపటికి బుడగలు పెద్దవై, మెల్లగా, టప్ టప్‌మని పగలడం మొదలవుతుంది. అక్కడినుంచే అసలు పని. గరిటె గుండ్రటి మూతిదైతే గిన్నె అడుక్కి ఒక్కచోటే ఆనుతుంది, అడుగూ గోడా కలిసే మూలలోకి అది వెళ్లదు. ఆ మూల చుట్టూ సన్నటి గీతలాగా లౌజు అంటుకుని, ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడి, మనం గట్టిగా గీకినప్పుడు ఊడొచ్చి మొత్తంలో కలిసిపోతుంది. తినేటప్పుడు పంటికింద చేదుగా తగిలే ఆ ముక్కలు ఇవే. అదే అంచు తిన్నగా, పల్చగా ఉన్న గరిటె అనుకోండి, ఒక్క తోపుకి అడుగంతా శుభ్రంగా వచ్చేస్తుంది, గరిటె వెళ్లిన దారిలో గిన్నె అడుగు కనిపించి, లౌజు మళ్లీ దగ్గరికి జరిగి ఆ దారిని మూసేస్తుంది. మూసుకోవడం ఆలస్యమయ్యే కొద్దీ పాకం దగ్గరపడుతున్నట్టు. అసలు మూసుకోకుండా ఉండిపోతే వెంటనే దించెయ్యాలి. గుండ్రటి గరిటెతో ఈ గుర్తు కనబడదు, అంచనా మీద దించాల్సిందే.

ఇంకొక సంగతి. మా అమ్మమ్మ వాడిన తెడ్డు నా దగ్గరే ఉంది, చాలా ఇష్టం కూడా, కానీ నా గ్యాస్ పొయ్యి మీద దానితో పని జరగదు. అప్పటి ఇనప మూకుడికి అడుగు గుండ్రంగా ఉండేది, తెడ్డు అంచు కూడా ఏళ్ల తరబడి ఆ వంపుకే అరిగింది. ఇప్పటి నాన్‌స్టిక్ పాన్లకి అడుగు బల్లపరుపు. అందుకని పాతకాలం తెడ్డు దొరికింది కదా అని మురిసిపోకుండా, మీ గిన్నె అడుగు ఎలా ఉందో చూసుకుని దానికి తగ్గ అంచు ఎంచుకోండి. పైగా పాత తెడ్లు ఒక పక్కకే అరుగుతాయి, తిప్పిన చేతిని బట్టి. మా పిన్నిది ఎడమచేతి వాటం, అమ్మమ్మ తెడ్డు ఇస్తే "ఇది నా మాట వినదే" అని పక్కన పెట్టేసేది.

పొడుగు విషయానికొస్తే జానెడు మీద బెత్తెడు ఉంటే నాకు సరిపోతుంది, పెద్ద గిన్నెల్లో వండేవాళ్లకి ఇంకాస్త కావాలి. మెడ దగ్గర మందంగా, అంచుకి వచ్చేసరికి పల్చబడుతూ ఉండాలి. మిషను మీద చేసినవి మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో ఉంటాయి, వాటితో గీకడమంటే అట్లకాడ బదులు ఇటుకరాయి పట్టుకున్నట్టే.

అసలు గరిటే పెట్టకూడని వంటలూ ఉన్నాయనుకోండి. చేపల పులుసులో ముక్కలు పడ్డాక గరిటె పెడితే ముక్క విరుగుతుంది, గుడ్డతో దాక అంచులు పట్టుకుని మెల్లగా తిప్పడమే. వరదనీటికి ఎదురీదుకుంటూ వచ్చే పులస సంగతైతే ఇక చెప్పక్కర్లేదు, అంత రేటు పెట్టి కొన్నాక అందులో గరిటె పెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది.

చెక్క గరిటె తప్పనిసరి అయ్యేవి నా లెక్కలో నాన్‌స్టిక్ పాన్లు, రాచిప్ప, సత్తు గిన్నెలు. సత్తు గిన్నెలో స్టీలు గరిటెతో గట్టిగా తిప్పితే మజ్జిగపులుసు లాంటి తెల్లటి వంటకి బూడిద రంగు వస్తుంది, చూసే ఉంటారు. రాచిప్ప రాయి మెత్తటిది, ఇనుముతో గీకితే పొడి రాలుతుంది. వీటికి చెక్కే సుఖం. పిడి కాలదు, చప్పుడు ఉండదు, చింతపండు పులుపు తగిలినా దానికేం కాదు. సిలికాన్ గరిటెలు బాగుంటాయని మా కోడలు అంటుంది, దోసెల పిండి గిన్నె తుడవడానికి బాగానే ఉంటాయి, గట్టిపడిన లౌజు ముందు మాత్రం వంగిపోతాయి.

ఇక కర్ర. టేకు అంటే మనకి అంతులేని గౌరవం. తలుపులకీ మంచాలకీ సరే, గరిటెగా కూడా నిలుస్తుంది, కాకపోతే కొత్తలో ఒకలాంటి నూనె వాసన వస్తుంది, అది పోయేదాకా పాలల్లో పెట్టబుద్ధి కాదు. మామిడి చెక్కవి చవగ్గా దొరుకుతాయి, మెత్తటి కర్ర, నాలుగు కడుగుళ్లకే పీచు లేచి తర్వాత నల్లబడుతుంది. వేప చాలామంది వాడతారు, చేదు దిగుతుందన్న భయం అక్కర్లేదు, బాగా ఆరిన కర్రైతే బాగానే ఉంటుంది. కొబ్బరి మొద్దుకి మన దగ్గర కరువా అంటే కాదు, కానీ ముదురు చెట్టుకి కూడా మొద్దు చుట్టూ బయటి భాగమే గట్టి, లోపల నడిమి భాగం బెండు, ఆ గట్టి భాగంలో చేసినా అంచు పల్చగా చెక్కబోతే ఈనెల్లా లేచి వేలికి గుచ్చుకుంటుంది. దానితో లోతు గరిటె చేసుకోవచ్చేమో గానీ గీకే గరిటె వద్దు. వెదురువి తేలిక, నీళ్లు తక్కువ పీలుస్తాయి, కాకపోతే చాలావరకు బద్దల్ని జిగురుతో అతికించి చేస్తారు, వేడినీళ్లలో అతుకులు వదిలేవి చూశాను.

ఏటికొప్పాక వెళ్లినవాళ్లు అక్కడి రంగురంగుల గరిటెలు ముచ్చటపడి తెచ్చుకుంటారు. 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన లక్కపని అది, అంకుడు కర్ర నునుపు చూస్తే చేతిలోంచి దించబుద్ధి కాదు. కానీ పొయ్యి మీదికి తేవద్దు. తిరుగుతున్న కర్రకి లక్కని అదిమిపెడితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది కదా, రాపిడికే కరిగేది మరిగే పులుసులో నిలుస్తుందా? ఉప్పు జాడీలోకీ, పంచదార డబ్బాలోకీ పెట్టుకోండి, ఏళ్లపాటు ఉంటుంది.

నా ఓటు పనసకి. బొబ్బిలి వీణలు చేసేది ఈ కర్రతోనే. గట్టిగా ఉంటుంది, మరీ బరువుండదు, వాసన తక్కువ, పసుప్పచ్చగా మొదలై వాడే కొద్దీ బెల్లం రంగుకి తిరుగుతుంది. షాపుల్లో పనస గరిటె దొరకడం కష్టం, చేయించుకోవాలి. మా అటక మీద పనస చెక్క ఒకటి ఎన్నాళ్లుగానో పడి ఉంది, 96 తుఫానుకి మా పెరట్లో కూలిన చెట్టుది. ఆ నవంబరులో కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ గొడవలో పనస చెట్టు గురించి ఏడ్చేవాళ్లెవరు, కోయించి అటకెక్కించారు. ఇన్నేళ్లు ఆరిన కర్ర కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది. కాలవగట్టు మీద షెడ్డు వేసుకున్న వడ్రంగి మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లాను.

"గరిటెకేంటండి బాబూ, మంచం చెయ్యమంటే చేస్తాను గానీ" అన్నాడు ముందు. చెక్కని అటూ ఇటూ తిప్పి, గోరుతో నొక్కి, "ఆయ్, చేవ ఉందండి" అని అప్పుడు ఒప్పుకున్నాడు. ఆయన చూపించాకే నాకు ఒక సంగతి కళ్లకి కట్టింది: కర్రలో పొరలు పిడినుంచి అంచు దాకా నిలువుగా పారాలి. మెడ దగ్గర పొర అడ్డం తిరిగితే, ఎంత గట్టి కర్రైనా అక్కడే విరుగుతుంది. షాపులో కొనేటప్పుడు కూడా గరిటెని తిరగేసి వెనక వైపు ఈ గీతలు చూడండి, అలాగే ముడి లేకుండా చూసుకోండి. బాడిసతో రూపం తెచ్చి, ఉలితో అంచు దించి, చివర్లో ఉప్పుకాగితానికి బదులు పగిలిన గాజు పెంకుతో గీకాడు, సన్నటి చుట్టలు చుట్టలుగా పొట్టు లేచింది. సగం రోజు కూలి తీసుకున్నాడు. ఆన్‌లైన్ సెట్టు కంటే ఎక్కువే పడింది, నిజమే.

కొత్త గరిటెని నేరుగా కూరలో పెట్టకండి. తడిపి నీడలో ఆరబెడితే పీచు లేచి చేతికి గరుగ్గా తగులుతుంది, ఉప్పుకాగితంతో రుద్దాలి, మళ్లీ తడిపి మళ్లీ రుద్దాలి. ఆ తర్వాత కొబ్బరినూనె పట్టించి ఒక రాత్రి వదిలేస్తే ఇక లేవదు. కొన్న గరిటె మరీ మెరుస్తుంటే కాసేపు వేడినీళ్లలో ఉంచి వాసన చూడండి, రంగు డబ్బా వాసన వస్తే అది వార్నిషు, వంటింట్లో ఉంచద్దు.

ఇప్పుడు రుచి సంగతి. కలిపే గరిటే రుచి చూడ్డానికి కూడా పనికొస్తుందనుకుంటారు, నేను ఒప్పుకోను. ముందు ఎంగిలి పట్టింపు. గరిటె నోట్లో పెట్టుకుని అదే గరిటె మళ్లీ గిన్నెలో పెట్టే వంట వీడియోలు వస్తే మా అత్తయ్య అక్కడికక్కడే ఛానల్ మార్చేస్తారు. ఆవిడ పద్ధతి అరచేతిలో ఒక చుక్క వేసుకోవడం. చారుకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఉప్పూ పులుపూ తేలిపోతాయి. నైవేద్యం రోజున అదీ లేదు, చేత్తో వేసిన ఉప్పే లెక్క, వాసన పట్టి చెప్పేస్తారు, ఎప్పుడూ తప్పదు, ఎలాగో నాకిప్పటికీ అర్థం కాదు. కానీ దప్పళం, పాయసం లాంటివి అరచేతిలో తేలవు, చుక్కలో చిక్కదనం ఏం తెలుస్తుంది, ఒక గుక్క నోట్లో పడాల్సిందే.

రెండోది, చెక్క పీల్చుకుంటుంది. నిన్నటి ఇంగువ, మొన్నటి వెల్లుల్లి, అన్నీ కొంచెం కొంచెం దాంట్లో ఉంటాయి. వంటలో అది తెలియదు, నాలిక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. అందుకని రుచికి నేను చిన్న కొబ్బరిచిప్ప గరిటె వాడతాను. చిప్ప గట్టి, అంత తొందరగా ఏదీ పీల్చదు, లోతుగా ఉంటుంది, అంచు పెదవికి కాలదు. కలిపే గరిటెతో తీసి చిప్పలో పోసుకోవాలి, చిప్ప గిన్నెలోకి వెళ్లకూడదు. ఒక్క జాగ్రత్త: స్టీలు చెంచా అయితే వేడిని తను లాక్కుని లోపలి పులుసుని కాస్త చల్లారుస్తుంది, చిప్ప లాక్కోదు. పెదవి కాలలేదు కదా అని ఒక్కసారిగా గుక్క వేస్తే నాలిక బొబ్బెక్కుతుంది. ఊదుకుని, కాస్త ఆగి తాగండి. మరిగే వేడిలో ఉప్పు ఎలాగూ సరిగా తెలియదు, ఆ ఆగడం మంచిదే.

చేసుకోవడం కూడా తేలిక. ముదురు కాయ, చిన్నది, కళ్లు లేని వైపు చిప్ప తీసుకుని, పైన పీచూ లోపల పొరా గాజు పెంకుతో గీకేసి, అంచుకి కొంచెం కింద ఎదురెదురుగా రెండు చిల్లులు పెట్టి, వెదురు పుల్ల బిగుతుగా దూర్చడమే. అంబాజీపేట చుట్టుపక్కల చిప్పలకి కొదవేముంది, పొయ్యిలో పోయేవాటిలో ఒకటి తీసుకుంటే సరి.

సంరక్షణ అని పెద్దగా ఏం లేదు. సింకులో నానబెట్టద్దు, కడిగిన వెంటనే తుడిచి గాలికి పెట్టండి, ఎండలో పెడితే బీటలిస్తుంది. మన వైపు వానాకాలం వారాల తరబడి గోడలే చెమర్చుతుంటాయి కాబట్టి ఆ రోజుల్లో డ్రాయరులో పెడితే బూజు ఖాయం, పొయ్యికి దగ్గర్లో మేకుకి వేలాడదీస్తే మంచిది. ఆవకాయ తెడ్డు మాత్రం పూర్తిగా వేరు, దానికి నీళ్లే చూపించకూడదు, పొడిగుడ్డతో తుడిచి గుడ్డలో చుట్టి పెట్టెయ్యడమే.

చేయించుకునే ఓపిక లేనివాళ్లు సంక్రాంతి దాకా ఆగి తీర్థాల్లో చూడండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎలాగూ వెళతారు, కవ్వాలూ పప్పుగుత్తులూ అమ్మేవాళ్ల దగ్గర వెతకండి. ముందు వరసలో రంగు వేసినవి పరుస్తారు. రంగు వెయ్యనివి ఉన్నాయా అని అడిగితే వెనక గోనెసంచిలోంచి తీస్తారు, వాటికి బేరం కూడా బాగా కుదురుతుంది.